ఇంగ్లండు చెరువులలో బంగారుతీగలు: కొత్తగా వచ్చిన మనవారికి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి చదువులకో ఉద్యోగాలకో ఇంగ్లండు వచ్చిన మన పిల్లలు తరచుగా అడిగే సందేహం ఒకటి ఉంది: ఇంటి దగ్గరి చెరువులో బంగారుతీగ చేపలు (కామన్ కార్ప్) ఎగిరిపడుతున్నాయి, గాలం వేసి ఒకటి పట్టి పులుసు పెట్టుకోవచ్చునా? అనుమతి తీసుకుంటే గాలం వేయవచ్చును; పులుసు ఆలోచన మాత్రం మానుకోవాలి.

పదమూడేళ్లు నిండినవారు మంచినీటి చేపలకు గాలం వేయాలంటే రాడ్ లైసెన్సు తప్పనిసరి. 13 నుంచి 16 ఏళ్లవారికి అది ఉచితమే కాని, తీసుకోవడం తప్పదు. ప్రభుత్వ వెబ్‌సైటులో ఒక రోజుకు, ఎనిమిది రోజులకు, ఏడాదికి కొనుక్కోవచ్చును. అది లేకుండా పట్టుబడితే 2,500 పౌండ్ల వరకు జరిమానా పడవచ్చు. అయితే లైసెన్సు ఉన్నంత మాత్రాన ఏ చెరువులోనైనా గాలం వేసే హక్కు రాదు. ఆ చెరువు యజమాని లేదా దానిని చూసుకునే క్లబ్బు ఇచ్చే రోజు టిక్కెట్టు విడిగా కొనాలి. నదులలో మార్చి 15 నుంచి జూన్ 15 వరకు ఈ వేట నిషేధం. చెరువులలో చాలావాటికి ఆ నిషేధం లేదు.

చేపను ఇంటికి ఎందుకు తీసుకుపోకూడదో అర్థం చేసుకోవడం ముఖ్యం. మన చెరువులలో చేపపిల్లలను వదిలేది పెంచి, పట్టి, తూకానికి అమ్మడానికి. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో మత్స్యశాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి హార్మోను సూదితో మన కార్ప్ చేపలచేత గుడ్లు పెట్టించడంలో సాధించిన విజయం అలాంటి పెంపకానికే ఊతమైంది. ఇక్కడ చెరువువారు బంగారుతీగను ఏళ్ల తరబడి పెరగనిస్తారు, పట్టినవారు మళ్లీ నీటిలోకే వదులుతారు, పొలుసుల అమరికను బట్టి ఒక్కొక్క చేపను గుర్తుపట్టి పేర్లు కూడా పెడతారు. 1952లో రిచర్డ్ వాకర్ అనే ఇంగ్లీషు గాలపువేటగాడు రెడ్‌మైర్ చెరువులో పట్టిన 44 పౌండ్ల చేప క్లారిస్సా అనే పేరుతో లండన్ జూలో 1971 వరకు బ్రతికింది. యజమాని అనుమతి లేకుండా చేపను సంచిలో వేసుకోవడం ఇక్కడి చట్టం ప్రకారం నేరం. తినడానికైతే బంగ్లాదేశీ దుకాణాలలో గడ్డకట్టిన రోహి (శీలావతి), భాకుర (బొచ్చె) దొరుకుతాయి. మన పులుసుకు నన్నడిగితే అవే మేలు.

ఎర సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. వానపాములు, గోధుమపిండి ముద్ద ఇక్కడా పనిచేస్తాయి, కాని చిన్న చేపలు వాటిని ముందే కొరికివేస్తాయి. అందుకని మొక్కజొన్న గింజలనో కాబూలీ శనగలనో రాత్రంతా నానబెట్టి, వేళ్ల మధ్య నొక్కితే మెదిగేదాకా ఉడకబెట్టి వాడండి. బంగారుతీగకు జీర్ణాశయం లేదు, గొంతులోని పళ్లతో నలిపి మింగుతుంది. సరిగా ఉడకని పప్పుగింజలు పేగులో ఉబ్బి దానికి ప్రాణాంతకం కావచ్చు. వేరుశనగను చాలా చెరువులలో నిషేధించారు. గింజను కొక్కేనికి గుచ్చకుండా, కొక్కెం వంపు నుంచి వేలాడే సన్నని దారానికి ఎక్కించండి. చేప చెరువు అడుగున ఉన్న మేతను పీల్చి, అనుమానం వస్తే వెంటనే ఉమ్మివేస్తుంది. ఖాళీగా ఉన్న కొక్కెం ఆ ఊపులోనే కింది పెదవికి తగులుతుంది. ఎండాకాలంలో తెల్లవారుజామున, గాలి తోసుకువచ్చే ఒడ్డున బుడగలు లేచేచోట చూడండి.

మొన దగ్గర వెనక్కి తిరిగిన ఎదురుముల్లు లేని కొక్కెం, పెద్ద చేతివల, చేపను పడుకోబెట్టే మెత్తని పరుపు లేకుండా చాలా చెరువులలో వేటకు ఒప్పుకోరు. చేతులను, పరుపును ముందుగా తడపండి, ఎందుకంటే పొడి చేయి తగిలితే చేప ఒంటి మీది జిగురు పొర చెదిరి రోగాలకు దారి ఏర్పడుతుంది. ఫోటో తీసుకోవాలంటే మోకాళ్ల మీద కూర్చుని, పరుపుకు దగ్గరగా ఎత్తండి; నిలబడి ఎత్తితే అది జారి నేల మీద పడుతుంది. వదిలేటప్పుడు నీటిలోకి విసరకండి, తనంతట తాను కదిలేదాకా రెండు చేతులతో ఆనించి పట్టుకోండి.

ఒక చెరువులో ముంచిన వలను, పరుపును శుభ్రంగా కడిగి పూర్తిగా ఆరబెట్టనిదే మరొక చెరువుకు తీసుకుపోకండి. బంగారుతీగలను గుంపులుగా చంపే కోయి హెర్పిస్ వైరస్ తడి సామాను వెంట ప్రయాణించగలదు.