పట్టాభిషేకపు గదులే చెరసాల: లండన్ టవర్ గురించి మీరడిగినవి

పోయిన సంచికలో కోహినూరు గురించి రాస్తూ, మన కృష్ణా తీరంలో కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే ఆ వజ్రం ఇవాళ ఉన్న కోట ఒకప్పుడు జైలు అని ఒక్క మాట అని ముందుకు వెళ్ళిపోయాను. ఆ ఒక్క మాట మీదే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందుకని ఈసారి శీర్షికంతా లండన్ టవర్‌కీ, అందులో మగ్గినవాళ్ళకీ. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేశాను.

ప్రశ్న: అసలది కోటా, రాజభవనమా, జైలా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. (విజయవాడ పాఠకురాలు)

జవాబు: మూడూనండి, ఒకే కాలంలో మూడూ. ఈ సంగతి గుర్తుంటే మిగతా కథంతా అర్థమవుతుంది. 1066లో నార్మండీ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలుచుకున్న విలియం, లండన్ జనం తన మీద తిరగబడకుండా థేమ్స్ ఒడ్డున ఈ కోట మొదలుపెట్టాడు. మధ్యలో ఉన్న వైట్ టవర్ పని 1070లలో మొదలైంది, ఎత్తు 27 మీటర్లు. చుట్టూ చెక్క ఇళ్ళున్న ఆ రోజుల్లో దాన్ని చూసి ఊరంతా ఎంత హడలిపోయి ఉంటుందో ఊహించండి. తర్వాతి రాజులు ప్రాకారాలు పెంచారు, కందకం తవ్వించారు, అందులోనే కాపురమున్నారు, నాణేలు కొట్టించారు, ఆయుధాలూ నగలూ దాచుకున్నారు, సింహాల్నీ, నార్వే రాజు పంపిన తెల్ల ఎలుగుబంటినీ పెంచారు. జైలు కోసమని మాత్రం ఎవరూ కట్టలేదు. కానీ గట్టి గోడలూ, రాజుగారి కాపలా ఎలాగూ ఉన్నచోట ఆయనకి గిట్టనివాళ్ళను పెట్టి తాళం వేయడానికి కొత్తగా ఏం కావాలి?

రికార్డుల్లో కనిపించే మొదటి ఖైదీ 1100లో లోపలికి వెళ్ళిన రానల్ఫ్ ఫ్లాంబార్డ్ అనే బిషప్. అంతకుముందు రాజు దగ్గర జనాన్ని పీడించి పన్నులు వసూలు చేసినవాడు. కొన్ని నెలలకే వైన్ పీపాలో తాడు తెప్పించుకుని, కాపలావాళ్ళకి పీకలదాకా తాగించి, కిటికీలోంచి దిగి పారిపోయాడు. ఆఖరి ఖైదీలు 1952లో సైన్యంలో తప్పనిసరి సేవకు ఎగనామం పెట్టిన క్రే కవల సోదరులు, తర్వాత లండన్ గూండాలుగా పేరుమోసినవాళ్ళు. వాళ్ళున్నది కొద్ది రోజులే. మొదటి ఖైదీకీ ఆఖరి ఖైదీకీ మధ్య ఎనిమిదిన్నర శతాబ్దాలు.

ప్రశ్న: ఆన్ బోలీన్ రాణి నిజంగా తప్పు చేసిందా? సీరియల్స్‌లో ఒక్కోదాంట్లో ఒక్కోలా చూపిస్తారు. (వరంగల్ పాఠకురాలు)

జవాబు: చేయలేదనే నా నమ్మకం, చరిత్రకారుల్లో ఎక్కువమంది మాట కూడా అదే. ఎనిమిదో హెన్రీ ఈమెను పెళ్ళాడడం కోసం మొదటి భార్యను వదిలేశాడు, పోప్‌తో తెగతెంపులు చేసుకున్నాడు, దేశం మతాన్నే మార్చేశాడు. 1533 జూన్‌లో పట్టాభిషేకానికి ముందు ఆచారం ప్రకారం ఆన్ ఈ టవర్‌లోనే బస చేసింది, ఆమె కోసమే అక్కడి రాణివాసపు గదులు బాగుచేయించారు. ఆ సెప్టెంబరులో ఆడపిల్ల పుట్టింది. 1536 జనవరిలో గర్భం పోయింది. మగపిల్లవాడు లేడు, రాజు మనసు అప్పటికే జేన్ సీమోర్ అనే ఇంకో అమ్మాయి మీదికి పోయింది. మే 2న ఆన్‌ను అరెస్టు చేసి పడవలో టవర్‌కి తెచ్చారు. నన్ను చీకటి కొట్లో వేస్తారా అని ఆమె అడిగితే, లేదమ్మా, పట్టాభిషేకమప్పుడు మీరున్న గదుల్లోనే ఉంటారు అని అక్కడి అధికారి చెప్పాడు. ఆ అధికారి పైవాళ్ళకి రాసిన ఉత్తరాల వల్లే మనకీ సంగతి తెలుసు. ఆ జవాబు విని ఆమె ఏడ్చింది, వెంటనే నవ్వింది. నాకైతే ఈ కోట మొత్తంలో ఇంతకంటే భయంకరమైన విషయం లేదనిపిస్తుంది. మూడేళ్ళ క్రితం అదే మంచం, అదే కిటికీ, అప్పుడు బయట జనం జేజేలు.

అయిదుగురు మగవాళ్ళతో సంబంధమని, అందులో ఒకడు సొంత అన్నదమ్ముడేనని నేరం మోపారు. అయిదుగురిలో ఒప్పుకున్నది మార్క్ స్మీటన్ అనే సంగీతకారుడు ఒక్కడే, వాళ్ళలో అండలేనివాడూ అతనే. ఫలానా తేదీన ఫలానా చోట అని రాసిన ఆరోపణల్లో చాలావాటికి ఆ రోజు ఆమె ఆ ఊళ్ళోనే లేదని తర్వాత లెక్కతేలింది. మే 15న టవర్ లోపలి హాలులోనే, దాదాపు రెండు వేలమంది చూస్తుండగా విచారణ, న్యాయపీఠం మీద పెద్దగా కూర్చున్నది ఆమె మేనమామ. మే 19న కత్తితో తల నరికారు. శవపేటిక సిద్ధం చేయాలని ఎవరికీ తోచలేదు, బాణాలు పెట్టుకునే చెక్కపెట్టెలో పెట్టి పక్కనే ఉన్న చర్చిలో పూడ్చారు. మే 30న హెన్రీ జేన్‌ను పెళ్ళి చేసుకున్నాడు.

ఆ పుట్టిన ఆడపిల్లే ఎలిజబెత్. ఆమెకి ఇరవయ్యేళ్ళప్పుడు, 1554లో, రాణిగా ఉన్న సవతి అక్క మేరీ ఆమెనూ తీసుకొచ్చి ఇదే కోటలో రెండు నెలలు బంధించింది. తల్లి తల తెగిన చోటు అక్కడికి కూతవేటు దూరం. ఆ అమ్మాయి అక్కడ నిద్ర ఎలా పోయిందో!

ప్రశ్న: లోపల వేలమందిని నరికారని యూట్యూబ్‌లో విన్నాను. నిజమేనా? (నెల్లూరు పాఠకుడు)

జవాబు: కాదు. కోట గోడల లోపల మరణశిక్ష అమలైంది 22 మందికి. అందులో తలలు తెగినవి ఏడు, మిగతావాళ్ళను తుపాకులతో కాల్చారు. జనం ఎగబడి చూసిన శిక్షలు బయట టవర్ హిల్ అనే దిబ్బ మీద జరిగాయి, అక్కడ వందమందికి పైనే పోయారు. లోపల అంటే జనం కంటపడకుండా చేసే మర్యాద అన్నమాట. ఆ మర్యాద దక్కిన మార్గరెట్ పోల్‌కి 67 ఏళ్ళు, పాత రాజవంశపు రక్తం ఉండడమే నేరం. 1541లో అనుభవంలేని కుర్రాడెవడో గొడ్డలి పట్టుకుని ఆమె తలనీ భుజాలనీ ముక్కలు ముక్కలు చేశాడని ఆనాటి రాయబారి రాశాడు. ఆఖరివాడు జోసెఫ్ జాకబ్స్ అనే జర్మన్ గూఢచారి, 1941 ఆగస్టు 15. పారాచూట్‌తో దిగుతూ కాలు విరిగింది, నిలబడలేడు కాబట్టి కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు.

ప్రశ్న: ఆ కాకుల సంగతేంటి? (ఒంగోలు పాఠకుడు)

జవాబు: టవర్‌లో ఉండే బొంతకాకులు ఎగిరిపోతే రాజ్యం కూలిపోతుందన్నది పాతకాలపు నమ్మకమే అని అక్కడ చెబుతారు కానీ, 19వ శతాబ్దానికి ముందు దానికి ఆధారమేమీ కనబడదు. కనీసం ఆరు కాకుల్ని మాత్రం నిజంగానే జాగ్రత్తగా సాకుతున్నారు.

ప్రశ్న: చిత్రహింసల గది నిజంగా ఉండేదా? చట్టం ఒప్పుకుందా? (కర్నూలు నుంచి ఒక లా విద్యార్థి)

జవాబు: మంచి ప్రశ్న అడిగారు. ఇంగ్లండ్ మామూలు చట్టంలో చిత్రహింసకు చోటు లేదు. కానీ రాజుగారి మంత్రిమండలి సంతకం పెడితే చేయొచ్చు. అంటే చట్టం ఒకటి, రాజుగారి కాగితం ఒకటి. 1540 నుంచి ఓ వందేళ్ళపాటు అలాంటి ఆదేశాలు వచ్చాయి, అన్ని ఏళ్ళకీ కలిపి వందకు లోపే. సంఖ్య తక్కువే అని తేలిగ్గా తీసేయకండి, ఒక్కో కాగితం వెనక ఒక్కో మనిషి.

రాక్ అనే చెక్క చట్రం మీద పడుకోబెట్టి, కాళ్ళూ చేతులూ తాళ్ళతో కట్టి, రెండు చివర్లా రోలర్లు తిప్పితే కీళ్ళు తప్పిపోతాయి. 1546లో ఆన్ ఆస్క్యూ అనే పాతికేళ్ళ స్త్రీని దాని మీద పెట్టారు. ఆమె మతం రాజు మతం కాదు, రాణి చుట్టూ ఉన్న ఆడవాళ్ళలో నీకు తోడెవరో చెప్పమన్నారు. చెప్పలేదు. టవర్ అధికారి ఇక నేను తిప్పను అనేశాడు, అప్పుడు లార్డ్ చాన్సలర్ రాయస్లీ, రిచర్డ్ రిచ్ అనే ఇంకో పెద్దమనిషి తామే చేతులు వేసి తిప్పారని ఆమే స్వయంగా రాసిపెట్టింది. దేశంలో న్యాయానికి పెద్దదిక్కుగా ఉండాల్సిన మనిషి! నడవలేని ఆమెను కుర్చీలో మోసుకెళ్ళి జులై 16న స్మిత్‌ఫీల్డ్‌లో సజీవంగా తగలబెట్టారు. ఒక్క పేరు కూడా బయటపెట్టలేదు.

1605లో పార్లమెంటు కింద 36 పీపాల మందుగుండుతో దొరికిన గై ఫాక్స్ విషయంలో, ముందు తేలికపాటి హింస, తర్వాత మెల్లమెల్లగా పెద్దది అని జేమ్స్ రాజే ఉత్తరం రాశాడు. ఫాక్స్ పెట్టిన సంతకాలు ఇప్పటికీ ఉన్నాయి. హింస తర్వాత పెట్టినదాంట్లో పేరు మొదలై వంకర గీతలుగా జారిపోతుంది. వీలైతే ఆ ఫొటోలు వెతికి చూడండి, నేను రాసే పది పేరాలు చెప్పలేనిది ఆ గీతలు చెబుతాయి.

జాన్ జెరార్డ్ అనే క్యాథలిక్ ఫాదర్ కథ కూడా చెప్పాలి. 1597లో మణికట్లకు ఇనుప కడియాలు వేసి స్తంభానికి గంటల తరబడి వేలాడదీశారు. తర్వాత వారాలపాటు తనంతట తాను తినలేకపోయాడు. చేతులు కాస్త స్వాధీనంలోకి వచ్చాక నారింజపళ్ళు తెప్పించుకుని, తొక్కలతో శిలువలు చేస్తూ, రసంతో ఉత్తరాలు రాశాడు, కాగితం వేడి చేస్తేనే అక్షరాలు కనబడతాయి. ఆ ఉత్తరాలతోనే బయట మనుషుల్ని కూడగట్టి, అక్టోబరులో ఒక రాత్రి కందకం మీదుగా కట్టిన తాడు పట్టుకుని అవే చేతులతో పాకుతూ దాటి తప్పించుకున్నాడు.

ప్రశ్న: రాజులూ రాణులేనా? మామూలు మనుషుల గురించి ఎవరూ రాయరే? (శ్రీకాకుళం నుంచి ఒక రిటైర్డ్ టీచర్)

జవాబు: మాస్టారూ, మీరన్నది నిజం. 1278లో మొదటి ఎడ్వర్డ్ రాజు నాణేల అంచులు కత్తిరిస్తున్నారన్న అనుమానంతో దాదాపు 600 మంది యూదులను ఈ టవర్‌లో కుక్కాడు. వాళ్ళలో రెండు వందలమందికి పైగా ఉరితీశారు. పన్నెండేళ్ళ తర్వాత, 1290లో, మిగిలిన యూదులందర్నీ దేశం నుంచే వెళ్ళగొట్టాడు. ఒక్క రాణి మరణం గురించి వందల పుస్తకాలు వచ్చాయి, వీళ్ళలో చాలామంది పేర్లు కూడా మనకి తెలియవు.

లోపల డబ్బున్నవాడి బతుకు వేరే. తిండికీ, పొయ్యిలో కట్టెలకీ ఖైదీయే డబ్బు కట్టుకోవాలి. వాల్టర్ రాలీ అనే పేరున్న నావికుడు 1603 నుంచి 13 ఏళ్ళు భార్యాపిల్లలతో, నౌకర్లతో ఉన్నాడు, మూలికలు పెంచి మందులు కాచాడు, ప్రపంచ చరిత్ర రాశాడు, ఒక కొడుకు అక్కడే పుట్టాడు. అయినా 1618లో తల పోయింది, అది వేరే సంగతి.

ప్రశ్న: మా అబ్బాయి లండన్‌లో ఉంటాడు, వచ్చే నెల వెళ్తున్నాం, ఒక్క పూటే టైముంది. ఏం చూడమంటారు? మన గోల్కొండలో రామదాసు చెరలాంటిది అక్కడుందా? (హైదరాబాద్ దంపతులు)

జవాబు: మీ రెండో ప్రశ్నలోనే మొదటిదానికి జవాబుంది. నగల దగ్గర క్యూలో పొద్దంతా గడపకండి, ముందు బోషాంప్ టవర్ మెట్లెక్కండి. భద్రాచలం గుడికి ఖజానా సొమ్ము వాడాడని తానీషా హయాంలో చెరలో పెట్టిన కంచర్ల గోపన్న, పన్నెండేళ్ళలో గోడ మీద సీతారాములనీ లక్ష్మణుడినీ ఆంజనేయుడినీ చెక్కుకున్నాడని మనం గోల్కొండలో చూపిస్తాం కదా, ఇక్కడ గోడల నిండా అలాంటివే. మొదటి రాణి తరఫున నిలబడినందుకు హెన్రీ చంపించిన థామస్ ఏబెల్ ఒక గంట బొమ్మ చెక్కి దాని మీద ఇంగ్లీషు ‘A’ అక్షరం వేశాడు, వాళ్ళ భాషలో గంటని బెల్ అంటారు, రెండూ కలిపితే అతని పేరు. డడ్లీ అన్నదమ్ములు నలుగురి పేర్లకు గుర్తుగా నాలుగు రకాల పూలూ కాయలూ చెక్కి చుట్టూ అంచు కట్టారు. ఓపికుంటే సాల్ట్ టవర్‌కీ వెళ్ళండి, మంత్రగాడని పట్టుకొచ్చిన హ్యూ డ్రేపర్ అనే పూటకూళ్ళ యజమాని 1561 మే 30 అని తేదీ వేసి మరీ పెద్ద రాశిచక్రం చెక్కాడు. అతను బయటపడ్డాడో లేదో ఏ రికార్డులోనూ లేదు.

వెనక్కి వచ్చేముందు బోషాంప్ గోడ మీద ఇంకొకటి వెతకండి, చిన్నది, కళ్ళు దాటిపోతుంది. జేన్ అన్న ఒక్క పేరు. 1553 జులైలో తొమ్మిది రోజులు రాణిగా ఉండి, మరుసటి ఫిబ్రవరిలో కింద పచ్చిక మీద తల పోగొట్టుకున్న జేన్ గ్రే పేరది అంటారు. ఆమెకి అప్పటికి పదహారో పదిహేడో ఏళ్ళు. ఆమె ఉన్నది ఈ గదిలో కాదు, ఆమె భర్తనీ అతని అన్నదమ్ముల్నీ (ఇందాక చెప్పిన డడ్లీలే) పెట్టింది ఇందులో, కాబట్టి ఆ నాలుగు అక్షరాలూ చెక్కిన చెయ్యి ఆమె భర్తదై ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఆ ఫిబ్రవరి 12న పొద్దున ముందు అతన్ని తీసుకెళ్ళారు, శవం బండి మీద తిరిగొస్తుంటే ఆమె కిటికీలోంచి చూసింది, తర్వాత ఆమెను పిలిచారు.