అగ్రికల్చర్ బీఎస్సీ చదివితే మళ్ళీ మట్టిలోకేనా?

ప్రశ్న: మాది పెనుగొండ దగ్గర పల్లెటూరండి. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. ఫార్మసీ చదవమంటే వినదు, అగ్రికల్చర్ బీఎస్సీ అంటోంది. పెరిగే జనానికి తిండెలా అని నన్నే అడుగుతుంది. నా కష్టం దానికి వద్దనే కదా చదివిస్తున్నాను. మళ్ళీ మట్టిలోకేనా?

జవాబు: మట్టిలోకేనండి. కాకపోతే మీరు దిగినట్టు కాదు.

పశ్చిమ గోదావరిలోని మారుటేరు మీకు తెలుసు కదా. అక్కడి వరి పరిశోధన కేంద్రం 1925 నాటిది. సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, ఏళ్ళ తరబడి మనవాళ్ళు నాటిన స్వర్ణ వరి రకం, అదే ఎంటీయూ 7029, 1982లో అక్కడి నుంచే వచ్చింది. ఒడిశా, బెంగాల్ రైతులూ దాన్నే నమ్ముకున్నారు. అయితే ముంపుకి ఆగేది కాదు. నాట్లేసిన చేను పది రోజులు నీళ్ళ కింద ఉంటే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఒడిశాలోని ఒక పాత రకంలో ముంపును తట్టుకునే జన్యువు దొరికింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవాళ్ళు దాన్ని స్వర్ణలోకి తెచ్చారు. 2009లో మన దేశంలో విడుదలైన స్వర్ణ సబ్-1 రెండు వారాల దాకా మునిగినా తేరుకుంటుంది.

మీ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు ఇలాంటి పనిలోనే ఉంది. 2022లో ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది. 2050కి 970 కోట్లని అప్పట్లో ఐక్యరాజ్యసమితి అంచనా. కొత్త పొలాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? మన దగ్గరే వరిచేలు చేపల చెరువులైపోతున్నాయి.

రెండు రకాలను కలిపి కొత్త రకం పుట్టించే ఆ పని ఎలా ఉంటుందంటే, పూతకొచ్చిన కంకిలో ఒక్కో గింజ కొన కత్తిరించి, సన్నటి పట్టకారుతో లోపల పుప్పొడి ఉండే ఆరు కేసరాలూ తీసేసి, కాగితం సంచి తొడుగుతారు. మర్నాడు పొద్దున రెండో రకం పుప్పొడి దాని మీద దులుపుతారు. అక్కణ్ణుంచి కొత్త రకం రైతు చేతికొచ్చేసరికి పదేళ్ళు పట్టొచ్చు. ఓపిక లేనివాళ్ళకు ఈ దారి నేను చెప్పను.

సీటు రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకుతో. రైతుబిడ్డలకు కోటా ఉంది, మీ పేరున్న రెండెకరాల కాగితాలు ఇప్పుడే సరిచూసుకోండి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కాలేజీ రాజమహేంద్రవరంలోనే ఉంది. సీటు రాలేదని భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) గుర్తింపు లేని చోట లక్షలు పోయకండి. నాలుగేళ్ళ డిగ్రీతో వ్యవసాయ శాఖ, బ్యాంకులు, విత్తన కంపెనీల ఉద్యోగాలకు వెళ్ళొచ్చు. విత్తనం తయారుచేయాలన్న కోరిక ఉంటే మాత్రం జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్‌లో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ దాకా చదవాల్సిందే. బీఎస్సీతో పెళ్ళి చేసేస్తే ఆ కోరిక అక్కడే ఆగిపోతుందండి.

మీ భయం నాకు అర్థమైంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి చేలు ఖాళీగా వదిలింది దిగుబడి రాక కాదు, గిట్టుబాటు కాక. మంచి విత్తనం ఒక్కటే ధర తెచ్చిపెట్టదు. కానీ మునిగినా తేరుకునే చేను, తుపానుకి పడిపోని పైరు, కంకి మీదే మొలకెత్తని గింజ దొరికితే, మీలాంటి కౌలురైతుకి ఆ ఏడాది అప్పు తప్పొచ్చు.

సార్వా చేలు పూతకొచ్చాక ఒక పొద్దున అమ్మాయిని మారుటేరు తీసుకెళ్ళండి. ముందుగా అడిగి వెళ్తే మంచిది. మీరు బయట నిలబడకండి, లోపలికి వెళ్ళి మీ చేలో ఏ రకం పడిపోయిందో, ఏది నిలిచిందో వాళ్ళకు చెప్పండి. అమ్మాయిని పక్కనుండి విననివ్వండి.