ఎగ్జిమా ఇంజెక్షన్ల కోసం ఎఫ్‌డీ తీసి, అప్పు చేయవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. నా భర్తకు (36) చిన్నప్పటి నుంచి తీవ్రమైన ఎగ్జిమా ఉంది. రోగనిరోధక శక్తిని అణచే సైక్లోస్పోరిన్ వాడినా అదుపులోకి రాకపోవడంతో డాక్టర్ డుపిలుమాబ్ అనే బయోలాజిక్ (జీవకణాల నుంచి తయారుచేసే మందు) ఇంజెక్షన్ సూచించారు. ఒక్కోటి రూ.30,000 అవుతుందన్నారు. మా ఇద్దరి జీతాలు కలిపి రూ.92,000. ఇంటి రుణం ఈఎంఐ రూ.21,000, ఇంటి ఖర్చులు రూ.38,000. ఎఫ్‌డీ రూ.2.5 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు రూ.1.4 లక్షలు ఉన్నాయి. ఆయనకు కంపెనీ గ్రూప్ బీమా ఉంది. ఎఫ్‌డీ తీసేసి, 14 శాతం వడ్డీకి నాలుగేళ్ల గడువుతో రూ.6 లక్షల వ్యక్తిగత రుణం తీసుకుందామనుకుంటున్నాం. చాలకపోతే తెలిసినవారు రెండు రూపాయల వడ్డీకి ఇస్తామన్నారు. సొంతంగా కొత్త ఆరోగ్య బీమా తీసుకుంటే అందులో ఎగ్జిమా సంగతి రాయవద్దని ఏజెంట్ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: శస్త్రచికిత్సకు అప్పు చేసినట్టే ఈ ఇంజెక్షన్లకూ అప్పు చేయవచ్చని మీరు అనుకుంటున్నారు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి కాబట్టి కొంచెం గట్టిగానే చెబుతున్నాను. శస్త్రచికిత్స ఒకసారి అయిపోతుంది. డుపిలుమాబ్ వ్యాధిని అదుపులో ఉంచుతుందే తప్ప పూర్తిగా నయం చేయదు. ఆపేస్తే చాలామందిలో దురద, మంట తిరగబెడతాయి. అంటే ఇది ఇంటి అద్దెలాగా ప్రతి నెలా వచ్చే ఖర్చు.

లెక్క చూడండి. పెద్దవారికి సాధారణంగా మొదటి రోజు రెండు ఇంజెక్షన్లు, ఆ తర్వాత రెండు వారాలకొకటి చొప్పున ఇస్తారు. మొదటి ఏడాదికి 27 ఇంజెక్షన్లు, రూ.8.1 లక్షలు. మీకు నెలకు మిగిలేది రూ.33,000; రుణం తీసుకుంటే ఈఎంఐ సుమారు రూ.16,400 పోయి రూ.16,600 మాత్రమే మిగులుతుంది. ఆరు లక్షల రుణాన్నీ, ఏడాది పొడవునా మిగిలిన ఆ సొమ్మునూ కలిపినా మొదటి ఏడాది మందుకే దాదాపు రూ.11,000 తక్కువ పడుతుంది. ఎఫ్‌డీని కూడా కరిగిస్తే మరో ఐదు నెలలు నెట్టుకొస్తారు. ఆ తర్వాత ఇంజెక్షనూ ఉండదు, ఎఫ్‌డీ ఉండదు, 31 నెలల ఈఎంఐలు మాత్రం మిగిలి ఉంటాయి. సరిగ్గా అప్పుడే ప్రామిసరీ నోటు రాసి రెండు రూపాయల వడ్డీకి తెస్తారన్నమాట. అది ఏడాదికి 24 శాతం. ఆ మాట ఇంట్లో మళ్లీ ఎత్తకండి.

ఎఫ్‌డీని ముట్టుకోవద్దు. మీ నెలవారీ ఖర్చు, ఈఎంఐ కలిపి రూ.59,000 కాబట్టి ఆరు నెలలకు రూ.3.54 లక్షలు ఉండాలి. మీ ఎఫ్‌డీ దానికి ఇప్పటికే లక్షకు పైగా తక్కువ ఉంది. తీవ్రమైన ఎగ్జిమా ఉన్నవారికి పగిలిన చర్మానికి ఇన్‌ఫెక్షన్ సోకి ఆసుపత్రిలో చేరాల్సి రావడం, జీతం లేని సెలవు పెట్టాల్సి రావడం అసాధారణమేమీ కాదు. ఆ రోజు చేతిలో ఉండాల్సిన డబ్బును ముందే తెలిసిన ఖర్చుకు వాడేస్తే, అసలైన అత్యవసరానికి మళ్లీ అప్పే దిక్కవుతుంది. ఇంట్లో దీర్ఘకాలిక రోగి ఉన్న కుటుంబానికి అత్యవసర నిధి మిగతావారికన్నా ఎక్కువ అవసరమని నేను ఎన్నిసార్లు చెప్పినా, మొదట కరిగేది అదే అవుతోంది.

ఇంజెక్షన్ అసలు పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికి సాధారణంగా 16 వారాలు చూస్తారు. అప్పటికి 9 ఇంజెక్షన్లు, రూ.2.7 లక్షలు. మ్యూచువల్ ఫండ్లలోని రూ.1.4 లక్షలు, నాలుగు జీతాల్లో మిగిలే రూ.1.32 లక్షలు కలిపితే అప్పు లేకుండానే అది సరిపోతుంది. కానీ ఆ తర్వాత నెలకు సగటున రూ.65,000 ఎక్కడి నుంచి వస్తుందో తేలకుండా మొదటి ఇంజెక్షన్ వేయించవద్దు. ధరలో రాయితీనిచ్చే రోగి సహాయ పథకం ఏదైనా ఉందేమో ఆసుపత్రిలో అడగండి. మీ డాక్టర్‌తో ఖర్చు గురించి మొహమాటపడకుండా మాట్లాడండి: రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించకుండా ఆపే జాక్ ఇన్హిబిటర్ మాత్రల్లో కొన్నింటిని దేశీయ కంపెనీలు తయారుచేస్తున్నందున అవి చాలా తక్కువ ధరకు దొరుకుతున్నాయి. అయితే వాటికి ముందుగా క్షయ పరీక్ష, తర్వాత క్రమం తప్పని రక్తపరీక్షలు అవసరం. అవి మీవారికి తగునో లేదో చెప్పాల్సింది నేను కాదు, డాక్టరే.

ఇక బీమా. ఇంజెక్షన్ రూపంలో ఇచ్చే మోనోక్లోనల్ యాంటీబాడీ (ప్రయోగశాలలో తయారుచేసిన ప్రతిరక్షకం) చికిత్సను పాలసీల నుంచి మినహాయించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లోనే చెప్పింది, డుపిలుమాబ్ ఆ కోవలోదే. ఆ చికిత్సకు ఇంతకు మించి చెల్లించబోమనే ఉపపరిమితి పెట్టుకునే వీలు మాత్రం కంపెనీలకు ఉంది. ఇంట్లో వేసుకుంటే ఓపీడీ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే చికిత్స) ఖర్చు అని తోసిపుచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి ఆసుపత్రిలో చేరి అదే రోజు ఇంటికొచ్చే డే కేర్‌లో వేయిస్తే గ్రూప్ పాలసీ ఎంత చెల్లిస్తుందో హెచ్‌ఆర్ ద్వారా రాతపూర్వకంగా తెప్పించుకోండి. పన్ను మినహాయింపు కోసం 1961 ఆదాయపు పన్ను చట్టంలో కొన్ని నిర్దిష్ట జబ్బుల చికిత్సకు ఉద్దేశించిన 80డీడీబీ సెక్షన్ వైపు చూడవద్దు, ఆ జాబితాలో ఎగ్జిమా లేదు.

ఏజెంట్ మాట మాత్రం వినకండి. ముందు నుంచీ ఉన్న జబ్బును చెప్పి పాలసీ తీసుకుంటే ఆ జబ్బుకు క్లెయిమ్ చెల్లించని నిరీక్షణ కాలం గరిష్ఠంగా 36 నెలలు. దాచిపెడితే, ఎగ్జిమాతో సంబంధం లేని గుండెపోటు క్లెయిమ్ సమయంలోనూ కంపెనీ డాక్టర్లు రాసిన పాత మందుల చీటీలు తవ్వి పాలసీనే రద్దు చేయవచ్చు. ప్రపోజల్ ఫారాన్ని ఏజెంట్‌కు వదిలేయకుండా మీరే నింపండి; వాడిన సైక్లోస్పోరిన్ పేరుతో సహా అన్నీ రాసి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.