వైరును అనుసంధానించాలా, బిగించాలా?

సందేహం: మా కొట్టులో స్టీరియో సెట్టు కొన్నవారికి, దాన్ని ఇంట్లో అమర్చుకునే పద్ధతి చెప్తూ తెలుగులో ఒక కాగితం ఇద్దామనుకుంటున్నాను. ‘స్పీకరు తంత్రుల యొక్క కొనలు యాంప్లిఫయరు యొక్క ధన, ఋణ ద్వారములకు అనుసంధానింపబడవలెను’ అని రాశాను. ‘అనుసంధానించు’ తప్పని, ‘అనుసంధించు’ అనాలని మిత్రుడొకరు అన్నారు. ఏది ఒప్పు? ‘కేబుల్స్’ అనాలా, ‘కేబుళ్లు’ అనాలా? స్పీకర్లో అనవసరంగా వచ్చే శబ్దాన్ని ‘అపశ్రుతి’ అనవచ్చా?

సమాధానం: మీ మిత్రుడి మాటకు ఆధారం ఉంది. నిర్మాణం నుంచి ‘నిర్మించు’, అనుకరణ నుంచి ‘అనుకరించు’ వచ్చినట్టే అనుసంధానం నుంచి ‘అనుసంధించు’ రావాలి. కానీ ప్రయాణించు, సన్మానించు కూడా మనకున్నాయి, వాటినెవరూ తప్పనరు. పైగా నదుల అనుసంధానం, ఆధార్ అనుసంధానం అంటూ రోజూ పేపర్లో చదివి చదివి ‘అనుసంధానించు’ అందరికీ అలవాటైపోయింది. కాబట్టి దాన్ని తప్పని కొట్టెయ్యలేను. అయినా మీ కాగితంలో మాత్రం రెండూ వద్దంటాను. చేత్తో ఏం చెయ్యాలో ఆ రెండింటిలో ఏదీ చెప్పదు.

సెట్టు కొన్న మనిషి నిజంగా చేసే పనులు చూడండి. ముందు కరెంటు తీసేస్తాడు. వైరు చివర ప్లాస్టిక్ తొడుగును ఒక సెంటీమీటరు మేర ఒలుస్తాడు. లోపలి రాగి పోగులకు పురి పెడతాడు. యాంప్లిఫయరు వెనక స్ప్రింగు క్లిప్పు ఉంటే దాన్ని నొక్కి పట్టి, పోగులు దూర్చి వదిలేస్తాడు. మర ఉంటే వదులు చేసి, పోగులు దూర్చి బిగిస్తాడు. సీడీ ప్లేయరు నుంచి వచ్చే ఎరుపు, తెలుపు పిన్నులనైతే గుచ్చుతాడు. ఒలవడం, పురి పెట్టడం, దూర్చడం, బిగించడం, గుచ్చడం: ఇన్ని క్రియలు మన చేతిలో ఉండగా అన్నిటికీ కలిపి ఒక్క ‘అనుసంధానం’ ఎందుకు? ‘కనెక్ట్ చేయండి’ అన్నా ఇదే ఇబ్బంది. మొత్తం పనిని ఒక్క మాటలో చెప్పాల్సిన చోట ‘కలపండి’ చాలు. పురి పెట్టమని మాత్రం తప్పకుండా రాయండి. విడిపోయిన పోగు ఒక్కటి పక్క వైరుకు తగిలినా షార్టయి యాంప్లిఫయరు పోవచ్చు.

‘తంత్రి’ వీణకు బాగుంటుంది, స్పీకరుకు కాదు. వాడుకలో తీగ, వైరు, కేబుల్ ఒకటి కావు. లోపల ఉండే రాగిది తీగ, తొడుగుతో కలిపి అది వైరు, రెండు కొసలా పిన్నులు వేసి అమ్మేది కేబుల్. అయితే ‘కేబుల్ పోయింది’ అంటే టీవీ రావడం లేదనే ఇంట్లో వాళ్లకు అర్థమవుతుంది కాబట్టి ‘ఆడియో కేబుల్’ అని రాయండి. బహువచనం కేబుళ్లు. స్కూల్ స్కూళ్లయినట్టే ఇదీ. వైరుకు వైర్లు, స్పీకరుకు స్పీకర్లు. ఊరు ఊళ్లవుతుంది గానీ కారు కాళ్లు కాదు కదా! పిన్నుకు పిన్నులే.

‘ధన, ఋణ ద్వారములు’ పాఠ్యపుస్తకపు మాటలు. కొన్నవారికి కనిపించేది ఎరుపు, నలుపు, వాటి పక్కన ప్లస్, మైనస్ గుర్తులు. పెట్టె మీద ఏముంటే కాగితంలోనూ అదే ఉండాలి. ‘ఎడమ స్పీకరు’ దగ్గర ఇంకా జాగ్రత్త. ఎవరి ఎడమ? యాంప్లిఫయరు వెనక్కి వంగి వైర్లు పెట్టేవాడికి కుడి ఎడమలు తారుమారవుతాయి. స్టీరియోలో లెక్క వినేవారిది. అందుకని ‘పాట వినడానికి ఎదురుగా కూర్చుంటే మీ ఎడమచేతి వైపు వచ్చే స్పీకరు’ అని ఒక్కసారి విడమరిచి చెప్పండి. ఎరుపు పిన్ను కుడిది, తెలుపు ఎడమది. కొన్ని కేబుళ్లకు తెలుపు బదులు నలుపు ఉంటుంది.

‘యొక్క’, ‘బడవలెను’ గురించి వేరే చెప్పక్కర్లేదు, తీసెయ్యండి. మీ వాక్యం ఇలా మారుతుంది: ‘జంట వైరులో ఎరుపు గీత ఉన్న పాయను యాంప్లిఫయరు ఎర్ర క్లిప్పులో, గీత లేని పాయను నల్ల క్లిప్పులో దూర్చండి. స్పీకరు వెనక కూడా అలాగే ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు రావాలి.’ ఒక స్పీకరుకు తిరగేసి పెడితే ఏమవుతుందో కూడా రాయండి: పాట మోగేటప్పుడు ఒక స్పీకరులో కదిలే పొర ముందుకు వస్తుంటే రెండోదాని పొర వెనక్కి పోతుంది, బేస్ పల్చబడిపోతుంది.

ఇక ‘అపశ్రుతి’. సంగీతంలో అది గాయకుడి తప్పు. పేపర్లోనైతే ‘జాతరలో అపశ్రుతి’ అంటే ప్రమాదం జరిగిందని. మీ సెట్టుకు ఆ పేరు పెట్టకండి! ఇలాంటి చప్పుళ్లకు తెలుగులో ధ్వన్యనుకరణ పదాలు దండిగా ఉన్నాయి, ఏ చప్పుడుకు ఆ మాట వేస్తే లోపం ఎక్కడుందో కూడా తెలిసిపోతుంది. కాగితం చివర ఇలా రాయొచ్చు: ‘గుయ్యిమని ఆగకుండా మోగుతుంటే ఎర్త్ సరిగా కలిసిందో లేదో చూడండి. రికార్డు ప్లేయరుకు విడిగా ఎర్త్ వైరు ఉంటే దాన్ని యాంప్లిఫయరు ఎర్త్ మరకు బిగించండి. వాల్యూమ్ తిప్పినప్పుడు గరగరమంటే ఆ నాబ్ లోపల దుమ్ము చేరి ఉండొచ్చు. వైరు కదిపినప్పుడల్లా పాట వచ్చి పోతుంటే పిన్ను లూజుగా ఉంది. సెట్టు ఆన్‌లో ఉండగా పిన్ను గుచ్చితే టప్పుమంటుంది, అలా చెయ్యకండి.’