ఆర్‌సీ మీద నీ పేరు పడేదాకా

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి మీ పెద్ద మామయ్య ఆశీస్సులతో వ్రాయునది.

ఆన్‌లైన్‌లో కొందామనుకుంటున్నానని నువ్వు పంపిన పాత కారు ఫొటోలు ముప్ఫై ఆరూ చూశాను. తెల్ల బాలెనో, పెట్రోలు, 2019 మోడల్, 41 వేల కిలోమీటర్లు, ఐదు లక్షల ఎనభై వేలు. వెనక బంపర్ మీది గీతను కూడా దాచకుండా దగ్గరగా ఫొటో తీసి పెట్టారు, అది మెచ్చుకోదగ్గ విషయమే. నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి, "రేపో ఎల్లుండో టోకెన్ అడ్వాన్సు కట్టేస్తానంటోంది, నువ్వొక మాట చెప్పు అన్నయ్యా" అంది. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. నిదానంగా చదువు.

ఆన్‌లైన్‌లో కొనవద్దని నేను అనను. మా రోజుల్లో పాత కారు కావాలంటే బ్రోకర్ల షెడ్ల చుట్టూ తిరగాలి. ధర మనిషిని బట్టి మారేది. కాగితాలు అడిగితే మొహం చిట్లించేవాళ్ళు. ఇప్పుడు ధర అందరికీ ఒకటే, తనిఖీ రిపోర్టు ఇస్తున్నారు, నచ్చకపోతే ఐదు రోజుల్లోనో ఏడు రోజుల్లోనో తిరిగి తీసుకుంటామనే సంస్థలూ ఉన్నాయి. ఆడపిల్ల ఒంటరిగా వెళ్ళి చూసి కొనగలిగే పద్ధతి వచ్చినందుకు నాకు నిజంగా సంతోషం. కానీ ముప్ఫై రెండేళ్ళు బీమా సర్వేయరుగా పని చేసినవాణ్ణి. గుద్దుకున్న కార్లు, మునిగిన కార్లు చూసి నష్టం లెక్కగట్టడమే నా ఉద్యోగం. ఆ కార్లు తర్వాత ఎక్కడికి వెళ్తాయో నాకు తెలుసు. ఆ తెలిసినది నీకు చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి కదా. నేను అప్పటికే రిటైరయ్యాను. అయినా కార్లు వందల్లో మునిగాయి, చూసేవాళ్ళు చాలడం లేదని పాత కంపెనీ వాళ్ళు పిలిస్తే వెళ్ళాను. మరమ్మతు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీ దాన్ని పూర్తి నష్టం కింద లెక్కగట్టి యజమానికి డబ్బు ఇచ్చేస్తుంది. ఆ బండిని వేలంలో అమ్ముతారు. కొన్నవాళ్ళందరూ దాన్ని తుక్కు చేయరు. సీట్లు ఉతికించి, ఇంజిన్ విప్పి కడిగి, పాలిష్ కొట్టించి మళ్ళీ రోడ్డెక్కిస్తారు. ఊరు దాటించి అమ్ముతారు. 2015లో చెన్నైలో మునిగినవి, 2020 అక్టోబరులో హైదరాబాదులో మునిగినవి కూడా ఇలాగే చేతులు మారాయి.

వరద వచ్చిన మరుసటి ఏడాది మా వీధిలో ఒకరు ఆన్‌లైన్ డీలరు దగ్గర కారు తీసుకుంటూ, ఒకసారి చూసి పెట్టమని నన్ను తీసుకెళ్ళారు. బయట అద్దంలా మెరుస్తోంది. లోపల కూర్చుంటే సెంటు వాసన గుప్పుమంది. డ్రైవరు పక్క సీటు బెల్టు పట్టుకుని లాగాను. మామూలుగా ఛాతీ మీదికి వచ్చేంత లాగి వదిలేస్తాం కదా, అలా కాకుండా ఇక రాదు అనేదాకా మొత్తం లాగాను. పైన నల్లగా, శుభ్రంగా ఉన్న బెల్టు చివరి జానెడు మట్టి రంగులోకి తిరిగింది. గోటితో గీస్తే సన్నటి పొడి రాలింది. బెల్టు చుట్టలో లోపల ఉండిపోయే భాగాన్ని ఎవరూ ఉతకరు. తర్వాత సీటు వెనక్కి జరిపి కింద పట్టాల బోల్టులు చూపించాను, తుప్పు పట్టి ఉన్నాయి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంతలో చెయ్యి పెడితే మూలల్లో ఎండిన బురద పెళ్ళలు తగిలాయి. ఇచ్చిన రిపోర్టులో రెండు వందల అంశాలు తనిఖీ చేసినట్టు ఉంది, అన్నిటికీ టిక్కులే. వాళ్ళు అబద్ధం రాశారని నేను అనలేను. బెల్టు బాగా పనిచేస్తోందా అంటే పనిచేస్తోంది, దానికి టిక్కు పెట్టారు. చివరిదాకా లాగి చూడాలని ఆ కాగితంలో లేదు, అంతే.

అందుకని నువ్వు కారు దగ్గరికి వెళ్ళకుండా ఒక్క రూపాయి కట్టవద్దు. వెళ్ళేటప్పుడు పగటిపూట వెళ్ళు. వాన పడుతుంటే మానుకో, తడిసిన బండి మీద పెయింటు తేడా కనిపించదు. నాలుగు తలుపుల అద్దాల మూలల్లో కంపెనీ ముద్రతో పాటు తయారైన సంవత్సరాన్ని చెప్పే అంకెలో గుర్తులో ఉంటాయి. మూడింటి మీద ఒక సంవత్సరం ఉండి ఒకదాని మీద తర్వాతి సంవత్సరం ఉంటే ఆ అద్దం మార్చి ఉంటారని అర్థం. రాయి తగిలి పగిలి ఉండవచ్చు, గుద్దుకుని ఉండవచ్చు. ఎందుకు మార్చారని అడుగు, జవాబు చెప్పేవాళ్ళ మొహం చూడు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. 41 వేలు తిరిగిన బండికి నాలుగూ కొత్త టైర్లే ఉంటే కూడా అడగాలి. ముందు చక్రాల మీది రేకులు (ఫెండర్లు), బానెట్ బిగించిన బోల్టుల తలల మీద రంగు చెక్కుకుపోయి ఉంటే ఎవరో విప్పారన్నమాట. ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం ఒకటి పలచటి గుడ్డలో చుట్టి తీసుకెళ్ళు. నొక్కులు పూడ్చడానికి పుట్టీ మందంగా పెట్టిన చోట అది పట్టుకోదు.

ఒకటి మాత్రం ఎవరూ చెప్పరు, జాగ్రత్తగా విను. ఇగ్నిషన్ ఆన్ చేయగానే మీటరు దగ్గర ఎయిర్‌బ్యాగ్ బొమ్మ దీపం వెలగాలి, కొన్ని క్షణాల తర్వాత ఆరిపోవాలి. వెలిగి ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగకపోతే అది ఇంకా పెద్ద అనుమానం. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్‌లు తెరుచుకున్నాక కొత్తవి వేయించడం ఖరీదని, వాటిని వేయకుండానే మూత పెట్టేసి, దీపాన్ని పని చేయకుండా చేసిన బండ్లు నేను నా చేతులతో విప్పించి చూశాను. నీ ప్రాణం విషయం ఇది. దీని దగ్గర మొహమాటపడవద్దు.

కిలోమీటర్ల సంగతి మీటరు చెప్పేది నమ్మకు. కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్ళి నంబరు చెబితే ఏ తారీఖున ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసు అయిందో వాళ్ళ కంప్యూటరులో ఉంటుంది. ఇవ్వనంటే అమ్మేవాళ్ళనే తెచ్చివ్వమను. బ్రేకు పెడల్ మీది రబ్బరు కూడా చూడు, గీతలన్నీ అరిగి నున్నగా ఉంటే ఆ బండి నలభై వేలు కాదు, అంతకన్నా చాలా ఎక్కువ తిరిగి ఉండవచ్చు. ఇక ఇంజిన్, క్లచ్, గేర్లు నీకు తెలిసిన మెకానిక్‌ను తీసుకెళ్ళి చూపించు. అమ్మేవాళ్ళు దానికి ఒప్పుకోకపోతే ఆ కారు వదిలేయి, వేరేది దొరుకుతుంది.

మంచి కారు దొరికిందనే అనుకుందాం. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఆ తర్వాత జరిగేది. కారు నీ ఇంటి ముందు నిలబడినా ఆర్‌సీ, అంటే రిజిస్ట్రేషన్ పత్రం, మీద నీ పేరు పడేదాకా అది నీది కాదు.

నేను నా పాత కారును ఇలాంటి సంస్థకే అమ్మాను. ఇంటికి మనిషి వచ్చి చూశాడు, గంటలో డబ్బు బ్యాంకులో పడింది. యజమాని పేరు మార్పు కోసం 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని బండి తోలుకుపోయాడు. ఎంత హాయిగా అయిపోయిందో అని మీ అత్తయ్యతో అన్నాను కూడా. ఆరు నెలల తర్వాత నా ఫోనుకు చలానా వచ్చింది, హైదరాబాదులో అతివేగమని. ఆ రోజు నేను ఇంట్లో మంచం మీద జ్వరంతో ఉన్నాను. సంస్థకు ఫోను చేస్తే "పేరు మార్పు జరుగుతోంది సార్" అన్నారు. ఇంకో మూడు వారాలకు ఒక పోలీసు స్టేషను నుంచి ఫోను. నా కారు స్కూటరును తగిలిందట, నడిపినవాడు ఆగలేదట. ఆ స్కూటరు మనిషికి మోకాలు చర్మం లేచింది తప్ప ఏమీ కాలేదు, దేవుడు దయ తలచాడు. బండి అప్పగించిన రోజు, గంట రాసి ఆ మనిషి సంతకం చేసిన రసీదు నా బీరువాలో ఉంది కాబట్టి నా మాట చెల్లింది. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే, కారు ఎన్ని చేతులు మారినా రవాణా శాఖ రికార్డులో ఎవరి పేరు ఉంటే వాళ్ళే యజమాని, ప్రమాదంలో పరిహారం బాధ్యత వాళ్ళదేనని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. అప్పుడు నేను ఉన్న చోట నువ్వు కొనే కారు పాత యజమాని ఉంటారు. ఎవరో తెలియని ఆ మనిషికి కూడా మనవల్ల ఆ భయం కలగకూడదు.

కొన్నవాళ్ళ వైపు బాధ వేరు. మా పక్కింటి అబ్బాయి ఆన్‌లైన్‌లో కారు కొని ఏడు నెలలు ఆర్‌సీ కోసం తిరిగాడు. మొదటి యజమాని సంతకం ఆఫీసులో ఉన్నదానితో సరిపోలలేదన్నారు. ఆయనను వెతికితే అమెరికాలో కొడుకు దగ్గర ఉన్నాడు. ఈలోగా గోడకు తగిలి ముందు భాగం నలిగింది. బీమా పాలసీ ఇంకా పాత పేరు మీదే ఉంది కాబట్టి మరమ్మతు డబ్బు ఇవ్వం అన్నారు. ఇది చాలామందికి తెలియదు. కారు చేతులు మారితే ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి బీమా కొనసాగుతుంది కానీ, నీ కారుకు జరిగే నష్టానికి మాత్రం పాలసీ నీ పేరు మీదికి మారాలి. 14 రోజుల్లో బీమా కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఆయనతోనే పోతుంది, నీకు రాదు. కాబట్టి "బీమా ఉంది కదా మేడమ్" అన్నంత మాత్రాన సరే అనకు. ఎవరి పేరు మీద, ఏ తేదీ దాకా, ఏయే నష్టాలకు అని చూడు.

టోకెన్ కట్టకముందే ఆర్‌సీ రెండు వైపులా ఫొటో పంపమను. రవాణా శాఖ సైటులో నంబరు కొట్టి పేరు, తయారైన నెల, ఎన్నో యజమాని, చలానాలు చూడు. ఏదైనా బ్యాంకు పేరు హైపోథికేషన్ (బండి మీద అప్పు) అని ఉంటే అప్పు తీరినట్టు ఆ బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆర్‌సీ నుంచి అప్పు తీసేయడానికి పనికొచ్చే 35 నంబరు ఫారం చూపించమను. "తర్వాత తెప్పిస్తాం" అంటే తెప్పించాకే వస్తానని చెప్పు. నంబరు టీఎస్ అని ఉందని కంగారు పడకు, టీజీ 2024 మార్చి 15 నుంచి రిజిస్టరయిన వాటికే. అదే ఢిల్లీ నంబరయితే నేను వద్దనే అంటాను. అక్కడ పదేళ్ళు దాటిన డీజిలు బండ్ల మీద ఆంక్షలు వచ్చాక చౌకగా ఇటు రావడం మొదలైంది. అక్కడి రవాణా ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ జీవిత పన్ను మళ్ళీ కట్టాలి. చౌక అనుకున్నది అక్కడే పోతుంది.

2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్లు అమ్మే డీలర్లు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలనే నిబంధన వచ్చింది. ఆ పత్రం ఉందా అని అడుగు. ఒప్పందంలో పేరు మార్పు ఎన్ని రోజుల్లో చేస్తారో, చేయకపోతే ఏమిస్తారో రాయించు. నోటి మాట వద్దు, ఈమెయిలులో తెప్పించుకో. డబ్బు సంస్థ ఖాతాకే వెళ్ళాలి, అమ్మే ఉద్యోగి ఫోను నంబరుకు కాదు. బిల్లు తప్పక తీసుకో. తేడా వస్తే మొదట వాళ్ళ ఫిర్యాదుల అధికారికి రాయాలి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి, ఈ-కామర్స్ నిబంధనల్లో అలాగే ఉంది. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయి, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మా పక్కింటి అబ్బాయి బిల్లూ, మెయిళ్ళూ పెట్టి కమిషన్‌కు వెళ్తున్నానని నోటీసు పంపాక పదిహేను రోజుల్లో ఆర్‌సీ ఇంటికి వచ్చింది. అంతకుముందు ఏడు నెలలు ఫోను మీద బతిమాలుతూ గడిపాడు.

నువ్వు శనివారం ఉదయం ఎనిమిదికి చూడటానికి వస్తున్నామని వాళ్ళకు చెప్పు. బండిని ముందుగా స్టార్ట్ చేసి ఉంచవద్దని గట్టిగా చెప్పు. చల్లగా ఉన్న ఇంజిన్ మొదటిసారి అందుకునేటప్పుడే దాని ఆరోగ్యం తెలుస్తుంది. నేను శుక్రవారం శాతవాహన రైల్లో బయలుదేరి మధ్యాహ్నానికి మీ ఇంటికి వస్తాను. టార్చిలైటు, అయస్కాంతం నేనే తెస్తాను. వెళ్ళగానే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తాం. వేడిగా ఉంటే ఆదివారం మళ్ళీ వెళ్దాం. నాకు తొందర లేదు, తిరుగు టిక్కెట్టు కొనలేదు. మీ అత్తయ్య నీకు ఉసిరికాయ పచ్చడి కడుతోంది.

మీ పెద్ద మామయ్య