కత్తి పట్టకపోతే కథలో చోటు లేదా?

ప్రశ్న: నమస్తే అండి. మాది రామచంద్రపురం. కాకతీయుల కాలంలో మన గోదావరి సీమలో జరిగినట్టు ఒక నవల రాస్తున్నాను. మా వదిన చదివి, "నీ కథలో ఆడవాళ్ళు ఏడుస్తారు, లేదంటే గుర్రమెక్కి కత్తి తిప్పుతారు, వేరే పనే లేదా వాళ్ళకి?" అంది. ఆ రోజుల్లో ఆడవాళ్ళని గడప దాటనివ్వలేదు కదండీ, ఇంకేం రాయను? మూడు అధ్యాయాలు పంపుతున్నాను, చదివి చెప్పండి.

జవాబు: మీ వదిన గారు సరిగ్గానే పట్టుకున్నారండి. గడప దాటనివ్వలేదన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. కాకతీయుల ఓరుగల్లుని వర్ణించే పాత తెలుగు కావ్యం క్రీడాభిరామంలో, వీధిలో పాడుకుంటూ వచ్చే జక్కుల పురంధ్రి, అంటే కథలు పాడే జక్కులవాళ్ళ ఇల్లాలు ఉంది, ఆమె ఏ గడప వెనక కూర్చుంది?

అంత దూరం కూడా వద్దు, ద్రాక్షారామం మీకు పక్కనే. ఈసారి భీమేశ్వరుడి దర్శనం అవగానే ఆటో ఎక్కేయకుండా స్తంభాల దగ్గర కాసేపు ఆగండి. చేతులు తగిలి తగిలి నున్నబడిన రాయి మీద వేలు పెట్టి తడిమితే అక్షరాలు తెలుస్తాయి. చాలా శాసనాల్లో ఉండేది ఒకటే సంగతి. గుడిలో అఖండ దీపానికి ఫలానావారు ఇన్ని గొర్రెలో ఆవులో ఇచ్చారు, ఆ మందని మేపడానికి ఫలానా బోయడు తీసుకున్నాడు, అతనూ అతని కొడుకులూ మనవలూ రోజూ మానెడు నెయ్యి గుడికి పొయ్యాలి. అలా ఇచ్చినవాళ్ళలో రాణులున్నారు, గుడిలో సేవ చేసే సానులూ ఉన్నారు.

ఒక ఆడమనిషి మందని గుడికి ఇవ్వాలంటే ముందు ఆమె దగ్గర ఉండాలి కదండీ. ఆ మంద ఎక్కడిది, పుట్టింటివాళ్ళు అరణమిచ్చిందా, తను కూడబెట్టుకున్నదా? ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నారా? బోయడు నెయ్యి తక్కువ కొలిస్తే ఎవరి దగ్గరికెళ్ళి నిలదీసింది? రాయి మీద ఇవేమీ ఉండవు, అవి రాయాల్సింది మీరే.

రుద్రమదేవిని మీరు ఇరవయ్యేళ్ళ పిల్లగా తెచ్చి, నగలు వర్ణించి, యుద్ధానికి పంపేశారు. ఆమె మన నిడదవోలు కోడలండి, భర్త చాళుక్య వీరభద్రుడు. దాదాపు 1262 నుంచి 1289 దాకా ఏలింది, సేనాని మల్లికార్జునుడితో పాటు ఆమె చనిపోయిన సంగతి చందుపట్ల శాసనం చెబుతుంది. ఆమె తర్వాత రాజైన ప్రతాపరుద్రుడు కూతురు ముమ్మడమ్మ కొడుకు, అంటే అప్పటికి ఆమె అమ్మమ్మ. శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగపేరు కనిపిస్తుంది. ఇంట్లో అమ్మా అని పిలిపించుకుంటూ, సభలో మహారాజుగా కూర్చుని, పాతికేళ్ళకు పైగా సామంతుల్ని అదుపులో పెట్టిన మనిషి ఆమె, మీరేమో ఇరవయ్యేళ్ళ దగ్గరే ఆపేశారు. ఆ ముసలితనం రాయండి, దాన్ని మన కథల్లో ఎవరూ సరిగా పట్టించుకోలేదని నాకెప్పుడూ బాధ.

అన్నట్టు, నాయిక చేత పండుమిరపకాయలు నూరించకండి. మిరప మనకి పోర్చుగీసువాళ్ళతో వచ్చింది, 1500 దాటాక. మిరియాలు నూరించండి.

ఆడవాళ్ళకి కష్టాలు లేవని నేననట్లేదు, చాలానే ఉన్నాయి. కానీ కష్టపడే మనిషికి కూడా తెల్లారితే పని ఉంటుంది, బాకీలుంటాయి, పట్టుదలలుంటాయి. మీ రెండో అధ్యాయంలో చెరువుగట్టు మీద ఒక ముసలామె మేకల్ని లెక్కపెట్టుకుని, ఒకటి తగ్గిందని గొణుక్కుంటూ వెళ్ళిపోతుంది చూడండి, మొత్తం మీద నాకు నచ్చింది ఆమే. ఆమెకి పేరు పెట్టండి, ఆ మేక ఏమైందో నాలుగో అధ్యాయంలో రాసి పంపండి.