రిగ్గు లారీ వెళ్లిపోయాక

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బోరు వేయించడానికి భార్య పుస్తెలతాడు తాకట్టు పెట్టిన రైతు మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. నాలుగొందల అడుగులకీ దుమ్మే లేచినప్పుడు, రిగ్గు దగ్గర అందరి ముందూ ఆమె "నా పుస్తెలతాడేదీ?" అని నిలదీసే చోటు బాగా కుదిరింది. చిక్కంతా ఆ తర్వాత ఉన్న రెండు పేజీలతోనే. ఎనిమిది పేజీల కథకి పతాక సన్నివేశం ఆరో పేజీలో అయిపోయింది. మిగతాది పాఠకుడు నీ మీద అభిమానంతో చదవాల్సిందే. ఈ నిడివికి అరపేజీ చాలు, మరీ తప్పకపోతే ముప్పావు.

ఆ రెండు పేజీలు ఎక్కడినుంచి వచ్చాయో ఊహించగలను. కథ ఎక్కి, శిఖరం చేరి, దిగుతుందని చూపే ఆ త్రికోణం బొమ్మ చూసుంటావు. 1863లో గుస్తావ్ ఫ్రైటాగ్ అనే జర్మన్ రచయిత అయిదంకాల నాటకాల కోసం చెప్పిన లెక్క అది. అందులో శిఖరం మూడో అంకంలో, నట్టనడుమ వస్తుంది. అందుకే దిగడానికీ ఎక్కినంత దారి ఉంటుంది. చిన్నకథకి ఆ కొలత సరిపడదు. మన నాటకాల పద్ధతే నీకు దగ్గర. ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణ అని అయిదు సంధులు, అంటే కథ నడకలో అయిదు భాగాలు. చివరిదైన నిర్వహణలో, అంతకుముందు అక్కడక్కడా చల్లినవన్నీ ఒకచోటికి చేరాలి. కొత్త విత్తనం వేసే చోటు కాదది. నువ్వేమో ఆఖరి పేజీలో బ్యాంకు ఆఫీసర్ని దింపావు. తీసెయ్.

ఇప్పుడొక కాగితం తీసుకుని, కథలో రేపిన ప్రశ్నలన్నీ రాయి. నాకు అయిదు కనిపించాయి: నీళ్లు పడతాయా, తాడు ఏమైంది, అప్పు ఎలా తీరుతుంది, అన్న కలుస్తాడా, ఆమె మనసు ఏమవుతుంది. మొదటి రెండూ రిగ్గు దగ్గరే తేలిపోయాయి. అప్పు సంగతి తేల్చకు, అది ఇప్పట్లో తీరేది కాదని చదివేవాడికి తెలుసు. అన్నకి ఒక్క వాక్యం ఇవ్వు. మిగిలిన అరపేజీ ఆమెది.

నువ్వు అతనిచేత "నన్ను క్షమించు" అనిపించి, ఏడిపించి, తొమ్మిది మాటల సంభాషణ నడిపావు. అంత గొడవ జరిగిన రాత్రి ఆ ఇంట్లో అలా మాట్లాడుకుంటారా? అన్నం పెడుతుంది, మాట్లాడదు. మొదటి పేజీలో ఆమె మాటిమాటికీ మెడలో తాడు తడుముకుంటుందని రాశావు. అంత చక్కటి సంగతిని అక్కడే వదిలేశావేం? ఇలా చూడు:

"తెల్లారేసరికి లారీ వెళ్లిపోయింది. వేరుశనగ చేలో చక్రాలు జానెడు లోతున దిగబడ్డాయి. అతను పారతో మట్టి లాగి పూడుస్తున్నాడు. పక్క చేలోంచి అన్న చూశాడు గానీ గట్టు దాటలేదు. ఆమె సద్దిగిన్నె తెచ్చి గట్టు మీద పెట్టింది. వంగినప్పుడు చెయ్యి అలవాటుగా మెడ దగ్గరికి పోయింది. పసుపుకొమ్ము తగిలింది. కొంగు నిండా కప్పుకుని ఇంటి దారి పట్టింది."

తాకట్టు, కోపం, కాపురం అన్నీ ఆ పసుపుకొమ్ములోనే తెలుస్తాయి. ఇలా కథ మొదట్లోని వస్తువుని మారిన రూపంలో వెనక్కి తేవాలి. ఒక్కటే తేవాలి. రెండోది తెస్తే పనిగట్టుకుని అమర్చినట్టుంటుంది.

"అయిదేళ్ల తర్వాత" అనే పేరా కూడా వద్దు. అయిదేళ్లు గడిస్తే రిగ్గు దగ్గర పుట్టిన వేడి చల్లారిపోతుంది. మర్నాటి పొద్దు దాటి పోకు. నవలైతే వేరు. అక్కడ పాఠకుడు చాలామందితో చాలా రోజులు తిరిగాడు కాబట్టి ఒకటి రెండు అధ్యాయాలు ఇచ్చినా ఓర్చుకుంటాడు. కొసమెరుపు కథకైతే అదీ అక్కర్లేదు. మెరుపు తర్వాత వాక్యం రాశావంటే జోకు చెప్పి దాని అర్థం చెప్పినట్టే. సినిమాల్లో పోలీసులు వచ్చాక ఇంటిల్లిపాదీ వరసగా నిలబడి నవ్వుతారే, అది చెప్పులు వెతుక్కునేవాళ్ల కోసం. కథ చదివేవాడు చెప్పులు వెతుక్కోడు.

తిరగరాశాక చివరి పేరాని అరచేత్తో మూసి చదువు. లోటు తెలియకపోతే కొట్టెయ్. పైపేరాకీ అదే పరీక్ష పెట్టు. ఎక్కువ కోసేసినా తెలిసిపోతుంది: పేజీ ఏదైనా చిరిగిందా అని పాఠకుడు వెనక్కి తిప్పి చూస్తాడు. అప్పుడు వివరణ చేర్చకు, ఎవరిచేతనైనా ఒక చిన్న పని చేయించు.

ఆదివారంలోగా పంపు. అన్న పేరు రెండు చోట్ల రెండు రకాలుగా పడింది, అదీ చూసుకో.

నీ మామయ్య